యూనివర్సిటీ లైసెన్స్ ఇచ్చేది దేనికి? ల్యాబ్ పనిముట్టు వేరు, మందు వేరు

పెద్ద పరిశోధనా యూనివర్సిటీల టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసులు, అంటే ల్యాబ్‌లో కనిపెట్టినవాటిని కంపెనీలకు అందించే విభాగాలు, లైసెన్స్‌కు ఇవ్వదలచిన వాటి జాబితాలు పెడుతుంటాయి. బయోమెడికల్ విభాగం తెరిస్తే అన్నీ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. క్యాన్సర్ కణాల్లో ఒక ఎంజైమ్‌ను అడ్డుకునే రసాయన అణువు, ఒక ప్రొటీన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీ, ఒక జన్యువు తీసేసిన ఎలుక, స్కాన్ చిత్రాలు చదివే సాఫ్ట్‌వేర్, రోగి నొప్పిని కొలిచే ప్రశ్నావళి... అన్నిటికీ ఒకే రకం పేజీ, ఒకే రకం రిఫరెన్స్ నంబరు. అడుగున ఉండే మాట కూడా ఒకటే: లైసెన్స్ కోసం సంప్రదించండి.

చూడటానికి ఒకలాగే ఉన్నా వీటిలో రెండు జాతులున్నాయి. ఎంజైమ్‌ను అడ్డుకునే అణువు ఇవాళ ఎవరికీ ఉపయోగపడదు. అది మందుగా మారాలంటే ఏళ్ల తరబడి జంతువుల మీద, తర్వాత మనుషుల మీద పరీక్షలు జరగాలి, వందల కోట్ల డాలర్ల దాకా ఖర్చు కావొచ్చు, చివరికి విఫలమయ్యే అవకాశమే ఎక్కువ. యాంటీబాడీ సంగతి అలా కాదు. రేపు పొద్దున ఇంకో ల్యాబ్‌లో ఫ్రీజర్ తీసి వాడుకోవచ్చు. దాన్ని ఇంకా తయారు చేయాల్సిన పనేమీ లేదు, పంచాల్సిన పని మాత్రమే ఉంది. మొదటిదాన్ని ఒక్కరికి అప్పగించకపోతే ఎవరూ ముట్టుకోరు. రెండోదాన్ని ఒక్కరికి అప్పగిస్తే మిగతా అందరి పనీ ఆగిపోతుంది. యూనివర్సిటీ లైసెన్సింగ్‌లో గత 50 ఏళ్లలో వచ్చిన పెద్ద గొడవల్లో చాలావాటికి కారణం ఈ రెండింటినీ ఒకే కాటాలో తూయడమేనని నా నమ్మకం.

అసలు యూనివర్సిటీ అమ్ముతున్నది ఏమిటి?

లైసెన్స్ అంటే వస్తువు అమ్మకం కాదు, అనుమతి. పేటెంట్ ఉన్నవాడికి దక్కే హక్కు ఎదుటివాణ్ని ఆపే హక్కే తప్ప, తాను తయారు చేసుకునే హక్కు కాదు. నా పొలం నాదే అయినా, అక్కడికి వెళ్లే బాట పక్కవాడి పొలం గుండా ఉంటే వాడి అనుమతి లేకుండా నేను దున్నలేను కదా. అలాగే ఒక యూనివర్సిటీ నుంచి యాంటీబాడీ మందుకు లైసెన్స్ తీసుకున్న కంపెనీ, దాన్ని తయారుచేసే సెల్ లైన్‌కో (ల్యాబ్‌లో ఆగకుండా పెంచే కణాల జాతికో), జన్యువును కణంలోకి ఎక్కించే పద్ధతికో ఇంకొకరి దగ్గర మళ్లీ లైసెన్స్ తీసుకోవాల్సి రావచ్చు. జాబితాలో ఉన్న ఏ పేజీ కూడా 'ఇది తీసుకుంటే చాలు, ఇక అడ్డేమీ లేదు' అని హామీ ఇవ్వదు. ఆ దారి వెతుక్కోవడం లైసెన్స్ తీసుకునేవాడి బాధ్యత.

ఇక పేటెంటే లేని వస్తువులకూ లైసెన్స్ ఇస్తారు. ఇది చాలామందికి వింతగా ఉంటుంది. ఒక హైబ్రిడోమా కణం ఉందనుకుందాం. అది ఒక ప్రత్యేకమైన యాంటీబాడీని నిరంతరం విడుదల చేస్తుంటుంది. ఎలా తయారు చేశారో పేపర్‌లో అచ్చయింది, పేటెంట్ లేదు, కాబట్టి ఎవరైనా మొదటి నుంచి మొదలుపెట్టి అలాంటిదే తయారు చేసుకోవచ్చు. కానీ సరిగ్గా ఆ కణమే కావాలంటే అది ఉన్న ఫ్రీజర్ యూనివర్సిటీది. ల్యాబ్ సామగ్రి అమ్మే కంపెనీ ఆ కణాన్ని తీసుకెళ్లి యాంటీబాడీ తయారుచేసి సీసాల్లో అమ్ముకోవాలంటే యూనివర్సిటీతో ఒప్పందం చేసుకుని అమ్మకాల్లో కొంత శాతం కడుతుంది. సాఫ్ట్‌వేర్‌కూ ప్రశ్నావళికీ కాపీరైట్ ఉంటుంది. జాబితా చదివేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే: ఇక్కడున్నది పేటెంటా, పేటెంట్ దరఖాస్తా, కాపీరైటా, లేక ఒట్టి ఫ్రీజర్ తాళమా?

యూనివర్సిటీ చేతికి ఎలా వచ్చింది

అమెరికాలో 1980కి ముందు ప్రభుత్వ డబ్బుతో పుట్టిన ఆవిష్కరణ మీద హక్కు చాలావరకు ప్రభుత్వానికే పోయేది. ప్రభుత్వం దగ్గర అప్పటికి సుమారు 28,000 పేటెంట్లు ఉన్నాయనీ, వాటిలో 5 శాతం కూడా కంపెనీల చేతికి వెళ్లలేదనీ ఆ రోజుల్లో పదేపదే చెప్పిన లెక్క. అందులో ఎక్కువ భాగం రక్షణ శాఖ కాంట్రాక్టర్లు తమకు వద్దనుకున్నవే కాబట్టి, వైద్య పరిశోధన గురించి ఆ అంకె చెప్పేది తక్కువే. అయినా వాదన గెలిచింది. సెనేటర్లు బర్చ్ బే, బాబ్ డోల్ పేర్లతో బే-డోల్ చట్టం 1980 డిసెంబర్‌లో వచ్చింది. ప్రభుత్వ గ్రాంటుతో కనిపెట్టినదాన్ని యూనివర్సిటీ తన పేరున పెట్టుకుని లైసెన్స్ ఇవ్వొచ్చని ఆ చట్టం తేల్చింది.

ఊరికే ఇవ్వలేదు, షరతులు పెట్టింది. ఆవిష్కరణ గురించి గ్రాంటు ఇచ్చిన సంస్థకు తెలపాలి. ప్రభుత్వం తన అవసరాలకు ఉచితంగా వాడుకునే హక్కు శాశ్వతంగా ఉంటుంది. వచ్చిన డబ్బులో కనిపెట్టినవారికి వాటా ఇవ్వాలి, మిగిలింది పరిశోధనకో చదువుకో ఖర్చు పెట్టాలి. వీలైనచోట చిన్న కంపెనీలకు ప్రాధాన్యం ఇవ్వాలి. లైసెన్స్ తీసుకున్న కంపెనీ దాన్ని ప్రజలకు అందించే ప్రయత్నమే చేయకపోతే ప్రభుత్వం కలగజేసుకుని ఇంకొకరికి లైసెన్స్ ఇప్పించవచ్చు. ఈ చివరి అధికారాన్ని వాడమని మందుల ధరల మీద ఎన్నిసార్లు అర్జీలు పెట్టినా అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ ఒక్కసారి కూడా వాడలేదు. కనుక ప్రజల ప్రయోజనం కాపాడాల్సిన చోటు ఆ తర్వాతి అర్జీ కాదు, లైసెన్స్ రాసే బల్లే.

ల్యాబ్‌లో ఏదైనా కొత్తది దొరికినప్పుడు పరిశోధకులు ఆఫీసుకు ఒక ఫారం ఇస్తారు: ఏం కనిపెట్టారు, ఎవరెవరు పాల్గొన్నారు, డబ్బు ఎవరిది, ఎక్కడైనా బయటపెట్టారా. ఈ చివరి ప్రశ్న దగ్గరే చాలా ఆవిష్కరణల తలరాత మారిపోతుంది. అమెరికాలో పేపర్ వేసిన ఏడాదిలోగా పేటెంట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. యూరప్‌లో అలాంటి గడువు లేదు, పేపర్ ముందు బయటికొస్తే పేటెంట్ పోయినట్టే. కాన్ఫరెన్స్‌లో గోడకు అంటించిన పోస్టర్ కూడా బయటపెట్టడం కిందకే వస్తుంది. దరఖాస్తు వేసిన 12 నెలల్లో అంతర్జాతీయ దరఖాస్తు వేయాలి. మొదటి తేదీ నుంచి సుమారు 30 నెలలకు ఏయే దేశాల్లో కావాలో తేల్చుకుని ఒక్కో దేశానికి విడివిడిగా ఫీజులు, లాయర్ల ఖర్చులు, అనువాదాల ఖర్చులు పెట్టుకోవాలి. లైసెన్స్ తీసుకునే కంపెనీ ఎవరూ దొరకకపోతే ఆ ఖర్చు భరించలేక చాలా యూనివర్సిటీలు అక్కడే వదిలేస్తాయి. జాబితాలో కొన్ని ఎంట్రీలు హడావుడిగా కనిపించడానికి కారణం వెనక ఈ గడియారం తిరుగుతుండటమే.

ఒక్కరికే ఇవ్వాల్సినవి

మందు అణువు విషయంలో ప్రత్యేక లైసెన్స్, అంటే ఒకే కంపెనీకి ఇచ్చే లైసెన్స్, చాలాసార్లు తప్పదు. పరీక్షలకు డబ్బు పెట్టేవాడికి, ఫలితం బాగా వచ్చాక పక్క కంపెనీ అదే మందు తయారు చేయదన్న భరోసా ఉండాలి. ఎమోరీ యూనివర్సిటీలో పుట్టిన ఎమ్‌ట్రిసిటబిన్ దీనికి మంచి ఉదాహరణ. హెచ్‌ఐవీ మందుల కాంబినేషన్లలో అది ఇవాళ్టికీ ప్రధానమైనది. ట్రయాంగిల్ ఫార్మాస్యూటికల్స్ అనే చిన్న కంపెనీ లైసెన్స్ తీసుకుని పరీక్షలు నడిపింది. తర్వాత ఆ కంపెనీని గిలియడ్ కొనేసింది, 2003లో మందుకు అనుమతి వచ్చింది. 2005లో ఎమోరీ తనకు రావాల్సిన రాయల్టీలను, అంటే అమ్మకాల్లో వాటాను, గిలియడ్‌కూ రాయల్టీ ఫార్మాకూ కలిపి 52.5 కోట్ల డాలర్లకు అమ్మేసింది. ఇలాంటి కథలు వార్తల్లోకి వస్తాయి. అందుకే లైసెన్సింగ్ ఆఫీసంటే బంగారు గని అనుకుంటారు. నిజానికి చాలా యూనివర్సిటీల్లో ఆఫీసు జీతాలు, పేటెంట్ ఖర్చులు పోగా మిగిలేది స్వల్పం. ఒకటో రెండో పెద్ద మందులు తగిలిన చోటే డబ్బు కనిపిస్తుంది.

ఒక్కరికే ఇచ్చినప్పుడు ఒప్పందంలో పెట్టే షరతులే యూనివర్సిటీ చేతిలోని పగ్గాలు. ఏ తేదీలోగా జంతు పరీక్షలు పూర్తవ్వాలి, ఎప్పటికి మనుషుల మీద పరీక్ష మొదలవ్వాలి, ఏటా ఎంత ఖర్చు పెట్టాలి అని మైల్‌స్టోన్లు రాస్తారు. కంపెనీ ఆ పని చేయకుండా అటకెక్కిస్తే లైసెన్స్ వెనక్కి తీసుకోవచ్చు. పోటీ మందును పైకి రాకుండా ఆపడానికే లైసెన్స్ తీసుకుని మూలన పడేసే ప్రమాదం ఊహాజనితం కాదు, కాబట్టి ఈ క్లాజు లేని ప్రత్యేక లైసెన్స్ మీద సంతకం పెట్టకూడదు. అమ్మకాల మీద రాయల్టీ, కంపెనీ తన లైసెన్స్ కింద ఇంకొకరికి అనుమతి (సబ్‌లైసెన్స్) ఇస్తే అందులో వాటా, స్టార్టప్ అయితే కొన్ని షేర్లు వగైరా డబ్బు సంగతులు ఆ తర్వాతివి. సబ్‌లైసెన్స్ మాత్రం చిన్న సంగతి కాదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో కటాలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ చేసిన ఎంఆర్ఎన్ఏ పని మీది పేటెంట్లు ముందు సెల్‌స్క్రిప్ట్ అనే కంపెనీ వైపు వెళ్లాయి. కోవిడ్ టీకాలు తయారు చేసిన మోడెర్నా, బయోఎన్‌టెక్ రెండూ అక్కడి నుంచి సబ్‌లైసెన్స్ తీసుకున్నాయి.

ఒప్పందంలో రాయనిదాన్ని తర్వాత రాబట్టడం ఎంత కష్టమో యేల్ యూనివర్సిటీకి 2001లో తెలిసొచ్చింది. స్టావుడిన్ అనే అణువు హెచ్‌ఐవీ మీద పనిచేస్తుందని అక్కడ విలియం ప్రూసాఫ్, తై-షున్ లిన్ కనిపెట్టారు. యేల్ దాన్ని బ్రిస్టల్-మయర్స్ స్క్విబ్ కంపెనీకి ప్రత్యేక లైసెన్స్‌గా ఇచ్చింది. దక్షిణాఫ్రికాలో పేటెంట్ యేల్ పేరునే ఉంది. అక్కడ ఎయిడ్స్ రోగులకు మందు అందని ధరలో ఉండటంతో, చవకైన జనరిక్ తెచ్చుకోవడానికి అడ్డు చెప్పొద్దని 'డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్' యేల్‌కు ఉత్తరం రాసింది. ప్రత్యేక లైసెన్స్ ఇచ్చేశాం కాబట్టి మా చేతుల్లో లేదన్నది యూనివర్సిటీ మొదటి జవాబు. విద్యార్థులు కదిలారు, ప్రూసాఫ్ బాహాటంగా వాళ్ల పక్షాన నిలబడ్డారు. వారాల వ్యవధిలోనే కంపెనీ దక్షిణాఫ్రికాలో పేటెంట్ హక్కును వాడబోమని ప్రకటించింది. ఆ తర్వాత కొన్ని యూనివర్సిటీలు పేద దేశాల్లో అందుబాటు గురించి ముందే క్లాజులు రాయడం మొదలుపెట్టాయి. మందు మార్కెట్‌లోకి వచ్చాక అడిగితే కంపెనీ దయ మీద ఆధారపడాలి. మొదటి ఒప్పందంలోనే రాస్తే అది హక్కు.

అందరికీ ఇవ్వాల్సినవి

పనిముట్ల వైపు వద్దాం. అసలు కథ ఇక్కడుంది.

1973లో స్టాన్‌ఫర్డ్‌లో స్టాన్లీ కోహెన్, శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో హెర్బర్ట్ బోయర్ ఒక డీఎన్ఏ ముక్కను కత్తిరించి, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయంలో అతికించి, బ్యాక్టీరియాలోకి ఎక్కించి కాపీలు తీయించారు. ఆధునిక బయోటెక్నాలజీ పరిశ్రమకు పునాది ఇదే. స్టాన్‌ఫర్డ్ లైసెన్సింగ్ ఆఫీసు పెట్టిన నీల్స్ రైమర్స్‌కు ఈ సంగతి 1974లో వార్తాపత్రిక ద్వారా తెలిసింది. కోహెన్‌కు మొదట పేటెంట్ ఇష్టం లేదు. రైమర్స్ ఒప్పించి, పేపర్ వచ్చి ఏడాది నిండటానికి వారం ముందు, 1974 నవంబర్‌లో, దరఖాస్తు వేయించారు. పేపర్ అప్పటికే బయటికొచ్చేసింది కాబట్టి అమెరికా బయట పేటెంట్ దక్కలేదు. అమెరికాలో మొదటి పేటెంట్ 1980 డిసెంబర్‌లో వచ్చింది.

అప్పుడు స్టాన్‌ఫర్డ్ ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకే కంపెనీకి ఇచ్చి మొత్తం పరిశ్రమను దాని గుప్పిట్లో పెట్టొచ్చు, లేదా అడిగినవాళ్లందరికీ ఇవ్వొచ్చు. రెండోది ఎంచుకున్నారు. ఏడాదికి 10,000 డాలర్ల ఫీజు, అమ్మకాల మీద స్వల్ప రాయల్టీ. లాభాపేక్ష లేని ల్యాబ్‌లకు అసలు లైసెన్స్ అక్కర్లేదన్నారు. 1981 చివరి గడువులోగా చేరినవాళ్లకు రాయితీలు ఇస్తామంటే 70కి పైగా కంపెనీలు సంతకం పెట్టాయి. 1997లో పేటెంట్ గడువు ముగిసేనాటికి 468 కంపెనీలు లైసెన్స్ తీసుకున్నాయి, రెండు యూనివర్సిటీలకూ కలిపి సుమారు 25.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ధర ఎంత తక్కువగా పెట్టారంటే, పేటెంట్ చెల్లదని కోర్టుకెక్కడం కంటే ఫీజు కట్టడమే కంపెనీలకు చవక. ఒక పనిముట్టును నలుగురికీ పంచుతూ కూడా యూనివర్సిటీ బాగుపడొచ్చని ఇంతకంటే స్పష్టంగా చూపిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

పేటెంట్ లేకుండా కూడా పనిముట్లు ప్రపంచమంతా తిరిగాయి. 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ మోనోక్లోనల్ యాంటీబాడీలు, అంటే అన్నీ ఒకే రకంగా ఉండే యాంటీబాడీలు, తయారు చేసే పద్ధతి కనిపెట్టారు. బ్రిటన్‌లో దానికి పేటెంట్ తీసుకోలేదు. మిల్‌స్టీన్ అడిగినవాళ్లకు కణాలు పంపించారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడయ్యే మందుల్లో అనేకం ఈ జాతికి చెందినవే. దేశానికి రావాల్సిన ఆదాయం పోయిందని బ్రిటన్‌లో తర్వాత పెద్ద చర్చ జరిగింది. ఆ బాధలో న్యాయం ఉంది. కానీ పద్ధతి అంత వేగంగా ల్యాబ్‌ల్లో పాతుకుపోవడానికి ఆ తెరిచిన తలుపే కారణమని కూడా ఒప్పుకోవాలి.

తలుపు మూస్తే ఏమవుతుందో హార్వర్డ్ ఎలుక చూపించింది. ఫిలిప్ లెడర్, తిమోతీ స్టువర్ట్ ఎలుకల్లో ఒక క్యాన్సర్ జన్యువును ప్రవేశపెట్టి, సహజంగా కణితులు వచ్చే జాతిని తయారు చేశారు. 1988లో అమెరికా దానికి పేటెంట్ ఇచ్చింది, జంతువుకు పేటెంట్ ఇవ్వడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ పరిశోధనకు డబ్బు పెట్టిన డ్యూపాంట్ కంపెనీకి ప్రత్యేక లైసెన్స్ దక్కింది. పేటెంట్ ఆ ఒక్క ఎలుకకే పరిమితం కాదు, క్యాన్సర్ జన్యువు చొప్పించిన ఎలుకలన్నిటికీ వర్తించేంత విశాలంగా ఉంది. డ్యూపాంట్ షరతులు యూనివర్సిటీ శాస్త్రవేత్తల మీద కూడా పడ్డాయి: ఎలుకలను పక్క ల్యాబ్‌కు ఇవ్వాలన్నా అనుమతి, ఏటా నివేదిక, అన్నిటికంటే బాధించింది ఎలుకతో చేసిన పరిశోధనలో ఏదైనా కనిపెడితే దానిలోనూ వాటా. ఈ చివరి షరతునే రీచ్-త్రూ అంటారు. ఎలుక ఒక పరీక్ష కోసం వాడిన సాధనం, తర్వాత దొరికిన మందులో దాని కణం ఒక్కటీ ఉండదు. అయినా సాధనం ఇచ్చినవాడు ఫలితంలో పాలు అడుగుతున్నాడు. ఒక పరిశోధనలో పది పనిముట్లు వాడితే పదిమందీ పాలు అడిగితే మిగిలేదేమిటి? 1998లో మైకేల్ హెల్లర్, రెబెకా ఐజెన్‌బర్గ్ అనే న్యాయ నిపుణులు ఈ ప్రమాదం గురించే హెచ్చరించారు: హక్కుదారులు ఎక్కువైపోతే ఎవరూ ఏదీ వాడలేని స్థితి వస్తుందని.

శాస్త్రవేత్తలు గట్టిగా ఎదురు తిరిగారు. ఎన్‌ఐహెచ్ డ్యూపాంట్‌తో మాట్లాడి 1999లో ఒప్పందం కుదిర్చింది. లాభాపేక్ష లేని పరిశోధనకు ఫీజు గానీ రీచ్-త్రూ గానీ లేకుండా ఎలుకలు వాడుకోవచ్చు, పంచుకోవచ్చు. తర్వాత ఏం జరిగిందో ఫియోనా ముర్రే, మరికొందరు ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. ఆంక్షలు తొలగిన ఎలుకల మీద పరిశోధన పెరిగింది. అంతకంటే ముఖ్యం, కొత్త శాస్త్రవేత్తలు, కొత్త సంస్థలు ఆ రంగంలోకి వచ్చాయి, పరిశోధన కొత్త దిశల్లోకి వెళ్లింది. ఆంక్షల వల్ల జరిగిన నష్టం అంతకు ముందు కంటికి కనబడలేదు. పుట్టని పరిశోధనకు లెక్క ఉండదు కదా.

అదే 1999 డిసెంబర్‌లో ఎన్‌ఐహెచ్ తన డబ్బు తీసుకునే యూనివర్సిటీలకు మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో ఆఫీసు వేసుకోవాల్సిన ప్రశ్నలు చాలా సూటిగా ఉన్నాయి. దీని ప్రధాన ఉపయోగం పనిముట్టుగానేనా? చాలామంది శాస్త్రవేత్తలకు పనికొస్తుందా? ఉన్నది ఉన్నట్టుగా పంచవచ్చా, లేక ప్రైవేటు కంపెనీ డబ్బు పెట్టి ఇంకా తయారు చేయాలా? పనిముట్టే అయితే విస్తృతంగా అందించాలి, ప్రత్యేక లైసెన్స్ ఇవ్వాల్సి వచ్చినా మందు తయారీకో అమ్మకానికో పరిమితం చేసి, పరిశోధనకు వాడుకునే హక్కు మిగిల్చుకోవాలి. ఈ మార్గదర్శకాలు జాబితాలోని రెండు జాతులను విడదీసిన గీత అని చెప్పొచ్చు.

పరిశోధనే కదా, లైసెన్స్ ఎందుకు?

యూనివర్సిటీ ల్యాబ్‌లో చదువు కోసం వాడుతుంటే పేటెంట్ అడ్డురాదని చాలామంది అనుకుంటారు. అమెరికాలో అది నిజం కాదు. 2002లో పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, ఒక లేజర్ శాస్త్రవేత్త డ్యూక్ యూనివర్సిటీ మీద వేసిన కేసులో, పరిశోధన చేయడమే యూనివర్సిటీ వ్యాపారం కాబట్టి 'పరిశోధన కోసం' అన్న మినహాయింపు అక్కడ దాదాపు వర్తించదని తేల్చింది. యూరప్‌లోని చాలా దేశాల చట్టాలు కొంత ఉదారంగా ఉంటాయి, కానీ ఒక ముఖ్యమైన తేడా పాటిస్తాయి. పేటెంట్ పొందిన వస్తువు మీద పరిశోధన చేయొచ్చు, అంటే అదెలా పనిచేస్తుందో, ఎలా మెరుగుపరచాలో చూడొచ్చు. ఆ వస్తువుతో ఇంకో దాని మీద పరిశోధన చేయడం వేరు. పనిముట్టు అంటేనే 'దానితో' పని చేసేది. అంటే మినహాయింపు ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే అది దొరకదు.

ఇంత చెప్పాక, రోజువారీ ల్యాబ్ పనిని నిజంగా ఆపేది పేటెంట్ కాదని తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2005లో జాన్ వాల్ష్ బృందం అమెరికా బయోమెడికల్ శాస్త్రవేత్తలను అడిగి చూస్తే, పేటెంట్ వల్ల పని ఆగినవాళ్లు చాలా అరుదు. కానీ వేరే ల్యాబ్‌ను కణాలో ఎలుకలో ప్లాస్మిడ్‌లో అడిగితే, దాదాపు ఐదింట ఒక అభ్యర్థన నెరవేరలేదు. పేటెంట్‌ను చూసీచూడనట్టు దాటేయొచ్చు, లేని కణాన్ని ఎలా వాడతారు?

ఆ కణం చేతులు మారాలంటే మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ కావాలి, ల్యాబ్‌ల్లో అందరూ ఎంటీఏ అంటారు. ఒక్కో యూనివర్సిటీ ఒక్కో నమూనా పెట్టుకుని లాయర్లు నెలల తరబడి వాదించుకునేవారు. 1995లో ఎన్‌ఐహెచ్ ప్రచురించిన ఉమ్మడి నమూనా చాలా పీటముళ్లు విప్పింది. అందులో సొగసైన భాగం 'ఎవరిది ఏది' అని తేల్చిన తీరు. ఒక ల్యాబ్ మీకు హైబ్రిడోమా కణం పంపిందనుకోండి. ఆ కణం వాళ్లదే. మీ ఇంక్యుబేటర్‌లో అది విభజించుకుని పుట్టిన కణాలూ వాళ్లవే, వంశం కాబట్టి. ఆ కణం విడుదల చేసిన యాంటీబాడీ కూడా వాళ్లదే, అందులో మీరు చేర్చిందేమీ లేదు. కానీ మీరు ఆ కణంలోకి ఇంకో జన్యువు ఎక్కించి కొత్త కణం తయారు చేస్తే ఆ మార్పు మీది, దానిలో మిగిలిన పాత భాగం వాళ్లది. వాళ్ల కణంతో ప్రయోగం చేసి, వాళ్ల కణం గానీ దాని వంశం గానీ యాంటీబాడీ గానీ లేని ఏదైనా కొత్త వస్తువు సాధిస్తే అది పూర్తిగా మీదే. రీచ్-త్రూకు ఇది సరిగ్గా వ్యతిరేకం. రెండు వైపులా ఈ నమూనాకు ముందే సంతకం పెట్టిన సంస్థలైతే ఒక పేజీ ఉత్తరంతో పని అయిపోతుంది.

ఇంకా మంచి మార్గం మధ్యలో నిల్వ కేంద్రం ఉండటం. 2004లో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ ఆడ్‌జీన్ ప్లాస్మిడ్‌లు దాచి, పరీక్షించి, అడిగిన ల్యాబ్‌లకు నామమాత్రపు ఫీజుతో పంపుతుంది, ఎంటీఏ పని కూడా ఆన్‌లైన్‌లోనే ముగిస్తుంది. ఎలుకలకు అమెరికాలోని జాక్సన్ ల్యాబొరేటరీ, హైబ్రిడోమాలకు అయోవా యూనివర్సిటీలోని నిల్వ కేంద్రం అలాంటివే. వీటివల్ల కనిపెట్టిన ల్యాబ్‌కు ప్యాకింగ్ టెన్షన్ పోతుంది. విద్యార్థి డిగ్రీ ముగించుకుని వెళ్లిపోయాక ఫ్రీజర్ అడుగున పేరు చెరిగిపోయిన సీసాగా మిగిలిపోయే ప్రమాదం తప్పుతుంది.

రెండూ అయినప్పుడు

ఒకే ఆవిష్కరణ పనిముట్టూ మందూ రెండూ అయితే? క్రిస్పర్ అలాంటిదే. ల్యాబ్‌లో అది జన్యువులను కత్తిరించే కత్తెర, ఆసుపత్రిలో చికిత్స. ఎంఐటీ, హార్వర్డ్‌లకు చెందిన బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ తన పేటెంట్లను ఉపయోగాల వారీగా ముక్కలు చేసింది. విద్యాసంస్థల పరిశోధనకు ఆడ్‌జీన్ ద్వారా విడుదల, కంపెనీల అంతర్గత పరిశోధనకు అడిగినవాళ్లందరికీ లైసెన్స్, మనుషుల చికిత్సకు మాత్రం ఎడిటాస్ కంపెనీకి ప్రత్యేక లైసెన్స్. అక్కడ కూడా ఒక కిటికీ ఉంచింది. ఎడిటాస్ పనిచేయని జన్యువు మీద ఇంకో కంపెనీ చికిత్స తయారు చేయాలనుకుంటే, కొంత కాలం తర్వాత లైసెన్స్ అడగవచ్చు. ఇరవై వేల జన్యువుల మీద ఒకే కంపెనీ పనిచేయలేదు కదా. వ్యవసాయానికి 2016లో విత్తనాల కంపెనీ మోన్‌శాంటోకు ఇచ్చిన లైసెన్స్‌లో, తిరిగి మొలకెత్తని విత్తనాలు తయారు చేయకూడదనీ, ధూమపానం కోసం పొగాకును మార్చకూడదనీ, ఒక జన్యుమార్పును మొత్తం జాతికే వ్యాపింపజేసే జీన్ డ్రైవ్ చేయకూడదనీ షరతులు పెట్టింది. పేటెంట్ చేతిలో ఉండబట్టే ఆ 'కూడదు' అనగలిగింది. పేటెంట్ వద్దనే వాదనకు ఇది గట్టి జవాబు అనిపిస్తుంది నాకు.

జాబితా ముందు కూర్చున్న చిన్న కంపెనీ గానీ పరిశోధకుడు గానీ ఆఫీసుకు ఫోన్ చేసే ముందు పేజీలో కొన్ని వెతకాలి. పేటెంట్ మంజూరైందా లేక దరఖాస్తు దశలోనే ఉందా, ఏయే దేశాల్లో? కావాల్సిన దేశంలో దరఖాస్తే లేకపోతే అక్కడ పద్ధతిని వాడుకోవడానికి యూనివర్సిటీ అనుమతితో పనిలేదు, కణమో ఎలుకో మాత్రం అడగాలి. ప్రకృతిలో ఉన్న జన్యువును ఉన్నదున్నట్టు పేటెంట్ చేయలేరని అమెరికా సుప్రీం కోర్టు 2013లో మిరియడ్ కేసులో తేల్చింది కాబట్టి, అంతకు ముందు నాటి కొన్ని క్లెయిముల (పేటెంట్‌లో హక్కు కోరిన అంశాల) బలం తగ్గిపోయింది. ఎలుకల మీద ఫలితాలున్నాయా, కణాల మీదేనా, ఇంకో ల్యాబ్ తిరిగి చేసి చూసిందా? ఫలానా రంగం ఇప్పటికే వేరే కంపెనీకి వెళ్లిందా? ఇంకా తేల్చుకోలేకపోతే పూర్తి లైసెన్స్‌కు బదులు ఆప్షన్ అడగొచ్చు. కొద్ది మొత్తం కట్టి, ఆరు నెలలో ఏడాదో ఇంకెవరికీ ఇవ్వకుండా ఆపించి, ఆ లోపు వస్తువును సొంత ల్యాబ్‌లో పరీక్షించుకోవచ్చు. పనిచేయకపోతే అక్కడితో వదిలేయొచ్చు, పనిచేస్తే అప్పుడు లైసెన్స్ షరతుల మీద బేరానికి కూర్చోవచ్చు.